శబ్దార్థ నిర్ణయం: చట్టంలో, వాడుకలో

రాతలో ఉన్న మాటకు ఏ అర్థం చెప్పుకోవాలో తేల్చడాన్ని శబ్దార్థ నిర్ణయం అంటారు. ఇంట్లో, బజారులో ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. అర్థం కాకపోతే ఎదుటి మనిషిని మళ్లీ అడుగుతాం. చట్టం దగ్గర, దస్తావేజు దగ్గర, బీమా పాలసీ దగ్గర ఆ వీలు ఉండదు. రాసినవాళ్లు ఎదురుగా ఉండరు. ఉన్నా, నా ఉద్దేశం ఇదీ అని ఇప్పుడు వాళ్లు చెప్పేది సాధారణంగా చెల్లదు. కాగితం మీది మాటే మిగులుతుంది. దాని అర్థాన్ని బట్టి ఒకరు పన్ను కడతారు, ఒకరికి భూమి దక్కుతుంది, ఒకరు జైలుకు వెళతారు. ఏం జరిగిందో ఇరుపక్షాలూ ఒప్పుకున్న వ్యాజ్యాలు కూడా ఒక్క మాట దగ్గర ఆగి ఏళ్ల తరబడి నడుస్తాయి.

వాడుక అర్థం

చట్టం ఒక మాటను నిర్వచించకుండా వదిలేస్తే, దానికి జనం చెప్పుకునే అర్థమే చెప్పాలన్నది మన కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం. ఈ సందర్భంలో తరచుగా ఉదహరించే తీర్పు తమలపాకులకు సంబంధించినది. మధ్యపరగణాలు, బేరారుల 1947 నాటి అమ్మకపు పన్ను చట్టం కూరగాయలకు మినహాయింపు ఇచ్చింది. మొదట తమలపాకులకు కూడా వేరే పద్దు కింద మినహాయింపు ఉండేది. తర్వాత ఆ పద్దు తీసేశారు. తమలపాకు కూడా మొక్క నుంచి వచ్చేదే కాబట్టి అదీ కూరగాయల్లోకే వస్తుందని అకోలా వర్తకుడొకరు వాదించారు. 1961లో రామావతార్ బుధాయీప్రసాద్ కేసుగా పేరుపడ్డ తీర్పులో సుప్రీంకోర్టు ఈ వాదన ఒప్పుకోలేదు. వృక్షశాస్త్రం ఏం చెప్పినా, పెరట్లోనో పొలంలోనో పండించి భోజనానికి వాడుకునేవాటినే లోకం కూరగాయలంటుందనీ, పన్నుల చట్టంలో ఆ లోకపు మాటే చెల్లుతుందనీ తేల్చింది. వేరే పద్దు ఒకప్పుడు ఉండి, తర్వాత తీసేశారంటేనే శాసనకర్తలు తమలపాకును కూరగాయగా అనుకోలేదని కూడా అర్థమవుతోంది.

ఆ మరుసటి ఏడాదే బీహారు చెరకు కేసులో చెరకు పచ్చికూరగాయ కాదని అదే న్యాయస్థానం చెప్పింది. 1977లో పశ్చిమ బెంగాల్ నుంచి పచ్చి అల్లం వచ్చింది. అక్కడి చట్టం ఒక అడుగు ముందుకేసి, సబ్జీ, తర్కారీ, శాక్ అని జనం పిలిచే కూరగాయలు అని ఇంటి మాటలనే పద్దులో రాసింది. అల్లాన్ని ఎవరూ విడిగా కూర వండుకోరు కదా అన్నా, వంటలో దాని చోటు చూసి కోర్టు దాన్ని కూరగాయల్లోనే చేర్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1893లో, నిక్స్ వర్సెస్ హెడెన్ కేసులో, టమాటాను ఇలాగే చూసింది. వృక్షశాస్త్రం దాన్ని పండు అంటుంది. భోజనంతో పాటు వడ్డిస్తారు కాబట్టి కూరగాయ అని, 1883 నాటి చట్టం ప్రకారం దిగుమతి సుంకం వర్తిస్తుందని తీర్పు వచ్చింది.

మన కాలంలో ఈ వరసలో చేరింది కొబ్బరినూనె. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరినూనె వంటనూనా, తలనూనా అన్నది పన్నుశాఖకూ తయారీదారులకూ మధ్య చాలా ఏళ్లు నలిగింది. 2018లో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. 2024 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, సీసా చిన్నదైనంత మాత్రాన నూనె తలనూనె అయిపోదని, సీసా మీద తలకు రాసుకునేదని రాసి అమ్మితే తప్ప దాన్ని వంటనూనెగానే లెక్కించాలని చెప్పింది. జీఎస్టీలో వంటనూనెకు 5 శాతం, తలనూనెకు అప్పట్లో 18 శాతం ఉండడంతో ఈ ప్రశ్నకు అంత బరువు వచ్చింది.

వాడుక అర్థానికి ఇంత గౌరవం ఇవ్వడానికి బలమైన కారణమే ఉంది. చట్టాన్ని పాటించాల్సింది మామూలు మనుషులు. వాళ్లకు తెలిసిన అర్థాన్ని పక్కన పెట్టి, తెలియని అర్థంతో వాళ్లను శిక్షించడం అన్యాయం. నేరచట్టంలో ఈ జాగ్రత్త మరింత కఠినం: మాటకు రెండు అర్థాలు సమంగా పొసిగితే నిందితుడికి అనుకూలమైనదే తీసుకోవాలి.

నిర్వచనం వచ్చినప్పుడు

చిక్కంతా నిర్వచనంతో మొదలవుతుంది. దాదాపు ప్రతి చట్టంలోనూ మొదటి పేజీల్లోనే ఏ మాటకు ఏ అర్థమో చెప్పే సెక్షన్ ఒకటి ఉంటుంది. అక్కడ నిర్వచించిన మాటకు ఆ చట్టంలో వాడుక అర్థం పనిచేయదు. నిర్వచనంలో ‘అనగా’ అని ఉంటే ఆ అర్థంతో తలుపు మూసినట్టే. దానికి బయట ఇంకేమీ ఉండదు. ‘చేరి ఉండును’ అని ఉంటే మామూలు అర్థం అలాగే ఉండి, దానికి అదనంగా మరికొన్ని చేరతాయి. రెండూ కలిపి వాడితే అది సంపూర్ణ నిర్వచనమని 1995లో కాశిలింగం కేసులో సుప్రీంకోర్టు వివరించింది.

అన్ని చట్టాలకూ ఉమ్మడిగా 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఉంది. ‘వ్యక్తి’ అంటే కంపెనీ, సంఘం కూడా అని చెప్పేది అదే. పుంలింగంలో రాసింది స్త్రీలకు, ఏకవచనంలో రాసింది బహువచనానికి కూడా వర్తిస్తుందనేదీ అదే. రాజ్యాంగానికి అర్థం చెప్పడానికి కూడా ఈ చట్టమే వర్తిస్తుందని 367వ అధికరణం చెబుతుంది.

ఒకే మాటకు రెండు చట్టాలు రెండు అర్థాలు ఇచ్చిన సందర్భం చూస్తే నిర్వచనం బలం తెలుస్తుంది. ‘సద్భావంతో’ చేసిన పని అంటే, జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, నిజాయితీగా చేసిన పని. అజాగ్రత్త ఉన్నా ఫరవాలేదు. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి ప్రకారం తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్భావంతో చేసినట్టు కాదు. 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఇదే అర్థం కొనసాగుతోంది. మనసులో కల్మషం లేకుండా, సరిగా చూసుకోకుండా ఒక పని చేసిన మనిషి ఒక చట్టం కింద బయటపడతాడు, మరో చట్టం కింద దొరికిపోతాడు.

బీమా కాగితాల్లో ఈ తేడా మామూలు కుటుంబాలకు నేరుగా తగులుతుంది. ‘దొంగతనం’ బీమా తీసుకున్న వర్తకుడి గోదాములో సరుకు పోతే బీమా వస్తుందనే అనుకుంటాం. 2004లో హర్‌చంద్ రాయ్ కేసులో పాలసీ మాత్రం దాన్ని ‘బలవంతంగా, హింసాత్మకంగా’ లోపలికి వచ్చి చేసిన చోరీ అని నిర్వచించుకుంది. ఆ రెండు మాటలు ఉన్నందువల్ల, బలప్రయోగం లేని చోరీకి పరిహారం రాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాలసీలో సందేహం ఉంటే రాసిన కంపెనీకి వ్యతిరేకంగా అర్థం చెప్పాలనే సూత్రం కూడా ఉంది. అర్థం స్పష్టంగా ఉన్నప్పుడు అది అక్కరకు రాదు. తీర్పు చట్టప్రకారం సరైనదే. అయినా, జనానికి బాగా తెలిసిన మాటను తీసుకుని లోపలి పేజీలో దాని అర్థం కుదించే పద్ధతి కొనేవాళ్లకు చేస్తున్న అన్యాయమని గట్టిగా చెప్పాల్సిందే. కుదించిన అర్థాన్ని మాట పక్కనే పెద్ద అక్షరాల్లో రాయడానికి ఏ అడ్డూ లేదు.

తేదీ, నెల

రోజువారీ జీవితంలో ఎక్కువ నష్టం చేసేవి కాలానికి సంబంధించిన చిన్న మాటలు. చట్టంలో ‘నెల’ అంటే ఇంగ్లీషు క్యాలెండరు నెల. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైనా, చట్టం లెక్క అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి. ఫలానా తేదీ ‘నుంచి’ అని గడువు పెడితే ఆ మొదటి తేదీ లెక్కలోకి రాదు. ‘వరకు’ అంటే చివరి తేదీ లెక్కలో ఉంటుంది. చివరి రోజు కోర్టుకో కార్యాలయానికో సెలవైతే, తెరిచిన మరుసటి రోజు దాఖలు చేసినా చెల్లుతుంది. మూడు నెలలంటే 90 రోజులు కాదని 2010లో హిమాచల్ ప్రదేశ్ మధ్యవర్తిత్వ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నెలల పొడవును బట్టి అది ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. ఆ ఒకటి రెండు రోజుల్లోనే అప్పీలు హక్కు పోయినవాళ్లున్నారు.

ఒప్పందంలో మాట

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఇద్దరు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకున్నప్పుడే సమ్మతి కుదిరినట్టు. ఆ చట్టానికి ఎనిమిదేళ్ల ముందు ఇంగ్లండులో నడిచిన ఒక కేసు ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. బొంబాయి నుంచి ‘పీర్‌లెస్’ ఓడలో వచ్చే 125 బేళ్ల సూరత్ పత్తి కొనడానికి బేరం కుదిరింది. ఆ పేరుతో రెండు ఓడలు ఉన్నాయి. ఒకటి అక్టోబరులో, మరొకటి డిసెంబరులో బొంబాయి విడిచాయి. కొన్నవారి మనసులో మొదటిది, అమ్మినవారి మనసులో రెండోది. డిసెంబరు ఓడ సరుకు తీసుకోనన్న కొనుగోలుదారుకే 1864లో కోర్టు పక్షం వహించింది.

ఇలాంటి చిక్కులకు మన సాక్ష్య చట్టం దారి చూపింది. దాని ఉదాహరణలు ఎంతో తేట. ‘నా తెల్లగుర్రం’ అమ్ముతానని రాసిన మనిషికి రెండు తెల్లగుర్రాలుంటే, దేని గురించి రాశాడో సాక్ష్యంతో చూపవచ్చు. ‘వెయ్యికో పదిహేను వందలకో’ అమ్ముతానని రాస్తే మాత్రం ఏది ధరో చెప్పడానికి సాక్ష్యం ఒప్పుకోరు. లోపం కాగితం మీదే కనబడుతోంది, దాన్ని నింపి ఒప్పందం రాసిపెట్టడం కోర్టు పని కాదు. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ నియమాలే ఉన్నాయి.

తెలుగు ఊళ్లలో అందరికీ తెలిసిన ఒప్పందపత్రం ప్రామిసరీ నోటు. ప్రోనోటు అని పిలుస్తాం. దాని చివర ‘మీకు గాని, మీ అనుమతి పొందిన వారికి గాని చెల్లించగలవాడను’ అనే తరహా వాక్యం ఉంటుంది. మాట్లాడే తెలుగులో ‘చెల్లించగలను’ అంటే చెల్లించే స్తోమత నాకుందని. దస్తావేజు తెలుగులో అదే ‘గల’ కచ్చితంగా చెల్లిస్తానన్న మాట ఇవ్వడం. శుభలేఖల్లో ‘విచ్చేయగలరు’ అన్నప్పుడు వచ్చేది కూడా ఆ పాత అర్థానికి దగ్గరదే. ఈ తేడా ప్రాణం లాంటిది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం షరతు లేకుండా చెల్లిస్తానని మాట ఇచ్చి, సంతకం చేస్తేనే అది ప్రామిసరీ నోటు. నీకు వెయ్యి బాకీ ఉన్నానని మాత్రమే రాస్తే కాదు. అడిగినప్పుడు చెల్లించే వెయ్యి బాకీ ఉన్నానని రాస్తే అవుతుంది. చట్టమే ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టింది.

వడ్డీ మాటా అంతే. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండని, అంటే ఏడాదికి 24 శాతమని ఊళ్లో ఎవరూ వివరించుకోరు. బ్యాంకులో ‘రెండు శాతం’ అంటే సంవత్సరానికి. నెలకు అన్న మాట కాగితం మీద లేకపోతే ఆ పన్నెండు రెట్ల తేడా కోర్టులో తేల్చుకోవలసి వస్తుంది. నోటులో వడ్డీ రేటు అసలే రాయకపోతే చట్టం 18 శాతం వార్షిక వడ్డీని ఇస్తుంది.

భూమి దగ్గర ‘అగ్రిమెంటు’ అన్న మాట ఇంతకన్నా ఎక్కువ మందిని దెబ్బతీసింది. అడ్వాన్సు ఇచ్చి కాగితం రాసుకోగానే ‘భూమి కొన్నాం’ అంటాం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్, అమ్మకపు ఒప్పందం దానంతటదే ఆ ఆస్తిలో ఏ హక్కునూ కల్పించదని చెబుతుంది. హక్కు వచ్చేది రిజిస్టరైన అమ్మకపు దస్తావేజుతో. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాగితాలతో యాజమాన్యం చేతులు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. తెలంగాణలో తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాల సమస్య కూడా ఇక్కడిదే: ఊరి దృష్టిలో అది అమ్మకమే, చట్టం దృష్టిలో కాదు. ఆ రెంటి మధ్య చిన్న రైతులు ఇరుక్కున్నారు.

మీమాంస, ధర్మశాస్త్రం

మాటకు అర్థం తేల్చే శాస్త్రం మన దేశంలో బాగా పాతది. వేదవాక్యాల అర్థం నిర్ణయించడానికి జైమిని సూత్రాలతో మొదలైన మీమాంసలో ‘యోగం కన్నా రూఢి బలమైనది’ అనే న్యాయం ఉంది. మాటను విడగొడితే వచ్చే అర్థం యోగం. లోకంలో స్థిరపడ్డ అర్థం రూఢి. బురదలో పుట్టేవి ఎన్నో ఉన్నా పంకజమంటే తామరే. యజ్ఞానికి అగ్ని ఉంచుకునే సందర్భంలో ‘రథకారుడు’ అనే మాట వచ్చినప్పుడు రథం చేసే ప్రతివాడూ అని కాక, ఆ పేరుతో ప్రసిద్ధమైన వర్గమే అని మీమాంసకులు తేల్చారు. తమలపాకు తీర్పుకు ఆధారమైన ఆలోచన ఇదే.

ఆస్తి హక్కుల్లో దీని ఫలితం పెద్దది. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు ‘సపిండులు’ అన్న మాటలో పిండమంటే శరీరాంశం అన్నాడు, అంటే రక్తసంబంధం. దాయభాగం రాసిన జీమూతవాహనుడు శ్రాద్ధంలో పెట్టే పిండం అన్నాడు. ఈ ఒక్క మాట మీది భేదంతో బెంగాల్లో వారసుల వరస ఒక రకంగా, మిగతా దేశంలో చాలాచోట్ల మరో రకంగా శతాబ్దాల పాటు నడిచింది. తెలుగునాట మితాక్షరే చెల్లింది. తిక్కన సమకాలికుడు మూలఘటిక కేతన 13వ శతాబ్దంలోనే దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

‘సపిండ’ శబ్దం 1955 నాటి హిందూ వివాహ చట్టంలోకి కూడా వచ్చింది. తల్లి వైపు మూడు తరాలు, తండ్రి వైపు ఐదు తరాల లోపు పెళ్లి కుదరదని. నిషిద్ధ సంబంధాల జాబితాలో మేనమామ, మేనకోడలు ఉన్నారు. అన్నాచెల్లెళ్ల పిల్లలూ ఉన్నారు. అక్షరాలా చదివితే తెలుగిళ్లలోని మేనరికాలేవీ చెల్లకూడదు. వాటిని నిలబెట్టింది ‘ఆచారం అనుమతిస్తే తప్ప’ అన్న చిన్న మినహాయింపు. ఆ ఆచారానికి కూడా నిర్వచనం ఉంది: చాలాకాలంగా ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటిస్తూ వచ్చి చట్టమంత బలం పొందినదై ఉండాలి. అసమంజసంగా ఉండకూడదు.

తులసమ్మ కేసు

ఒక మాట మీద ఒక స్త్రీ బతుకు ఎలా ఆధారపడుతుందో నెల్లూరు నుంచి వెళ్లిన వి. తులసమ్మ వర్సెస్ శేషారెడ్డి కేసులో కనబడుతుంది. సమష్టి కుటుంబంలో భర్త చనిపోయాక, తులసమ్మ మనోవర్తి కోసం 1944లో నెల్లూరు మునసబు కోర్టుకు వెళ్లారు. డిక్రీ వచ్చింది. 1949లో రాజీ కుదిరి, మనోవర్తి కింద కొంత ఆస్తి ఆమెకు దఖలు పడింది. రాజీపత్రంలో మాత్రం బతికినంతకాలం అనుభవించే హక్కే ఇచ్చారు. అమ్ముకునే హక్కు లేదు.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. దాని 14వ సెక్షన్ మొదటి భాగం, హిందూ స్త్రీ ‘కలిగి ఉన్న’ ఆస్తికి ఆమె పూర్తి యజమాని అవుతుందని, పరిమిత యజమానిగా ఉండదని చెబుతుంది. కలిగి ఉండడమంటే చేతిలో పట్టుకుని ఉండడమే కాదనీ, విశాలమైన అర్థంలో తన వశంలో ఉండడమనీ 1959లోనే సుప్రీంకోర్టు కొట్టూరుస్వామి కేసులో చెప్పి ఉంది. రెండో భాగంలో మినహాయింపు: దానపత్రం, వీలునామా, డిక్రీ వంటివాటి ద్వారా పరిమిత హక్కుతో పొందిన ఆస్తికి ఇది వర్తించదు. తులసమ్మ ఆ ఆస్తిలో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మారు. ఆమెకు ఆ హక్కు లేదని శేషారెడ్డి దావా వేశారు. హైకోర్టులో ఆమె ఓడిపోయారు.

సుప్రీంకోర్టులో ప్రశ్న మొత్తం ‘పొందిన’ అన్న మాట చుట్టూ తిరిగింది. ఆమె ఆస్తిని పొందింది రాజీపత్రం ద్వారానా, లేక అంతకు ముందే ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగానా? 1977లో జస్టిస్ భగవతి, జస్టిస్ గుప్తా, జస్టిస్ ఫజల్ అలీల ధర్మాసనం, హిందూ భార్యకు మనోవర్తి హక్కు శాస్త్రం నుంచీ వివాహబంధం నుంచీ వచ్చిందనీ, రాజీపత్రం ఆ పాత హక్కును గుర్తించిందే గాని కొత్తగా ఇవ్వలేదనీ తేల్చింది. రెండో భాగం ఏ హక్కూ లేని మనిషికి మొదటిసారిగా ఇచ్చిన ఆస్తికే వర్తిస్తుంది. తులసమ్మ పూర్తి యజమాని అయ్యారు. ఆ తర్వాత ఎందరో వితంతువులు ఈ తీర్పు ఆధారంగా తమ భూమిని నిలుపుకున్నారు. రెండు ఉపవిభాగాలనూ ఇంకాస్త విడిగా, స్పష్టంగా రాసి ఉంటే ఆమెకు ఇన్నేళ్ల వ్యాజ్యం తప్పేదని తీర్పు చదివితే అనిపించక మానదు.

రాజ్యాంగంలో

రాజ్యాంగంలోని మాటలు మారకుండానే అర్థం మారిన ఉదాహరణల్లో ‘సంప్రదింపు’ ప్రధానమైంది. న్యాయమూర్తుల నియామకంలో రాష్ట్రపతి ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని ఉంది. 1981లో సుప్రీంకోర్టు, సంప్రదించడమంటే ఒప్పుకోవడం కాదంది. 1993లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానికే ప్రాధాన్యం ఇచ్చింది. నియామకాలకు సీనియర్ న్యాయమూర్తులే పేర్లు సూచించే కొలీజియం వ్యవస్థ అక్కడి నుంచి వచ్చింది. ఇది వ్యాఖ్యానమా, రాజ్యాంగ సవరణా అన్న చర్చ ఇప్పటికీ ఆగలేదు.

తెలుగులో చట్టం

తెలుగు కోర్టు భాషలో అరబ్బీ, పారశీక మూలాల మాటలు నిండుగా ఉన్నాయి: వకీలు, దస్తావేజు, జప్తు, ఫిర్యాదు. ఇవి తెలుగులో సొంత జీవితం గడిపాయి. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. హైదరాబాదు పాత రికార్డు చదివేవారు ఈ ఒక్క మాట దగ్గర పొరబడితే కేసు తలకిందులవుతుంది. పాలనకు ఈ మాటల అర్థాలు ఎంత అవసరమో గుర్తించే సి.పి.బ్రౌన్ కచేరీ మాటలకు విడిగా నిఘంటువు కూర్చాడు, హెచ్.హెచ్.విల్సన్ 1855లో దేశంలోని న్యాయ, రెవెన్యూ పదాల కోశం ప్రచురించాడు. కొలతల్లో ఇప్పటికీ ప్రాంతభేదం ఉంది: ఆంధ్రలో సెంటు 48.4 చదరపు గజాలు, తెలంగాణలో గుంట 121 చదరపు గజాలు.

1966 నుంచి తెలుగు ఆంధ్రప్రదేశ్ అధికార భాష. అయినా, 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు వేరే ఏర్పాటు చేసేదాకా సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష, చట్టాల ప్రామాణిక పాఠాల భాష ఇంగ్లీషు. శాసనసభ తెలుగులో చట్టం చేసినా, గవర్నరు అధికారంతో గెజిట్‌లో వచ్చే ఇంగ్లీషు అనువాదమే ప్రామాణిక పాఠం అవుతుంది. కేంద్ర చట్టాలకు ప్రాంతీయ భాషల్లో ప్రామాణిక పాఠాలు ఉండవచ్చని 1973లో ఒక చట్టం వచ్చింది. కోర్టులో వాదన మాత్రం ఇంగ్లీషు మాట మీదే సాగుతుంది. భూసేకరణ నోటీసో, పాలసీ పత్రమో, రుణపత్రమో తెలుగులో అచ్చువేసేటప్పుడు చట్టంలోని నిర్వచనాలను కూడా తెలుగులో అదే కాగితం మీద ఇవ్వాలి. సంతకం పెట్టే మనిషికి తాను ఏ అర్థానికి కట్టుబడుతున్నాడో అప్పుడే తెలుస్తుంది.